జేబు మాత్రం బాగుంది

పోయిన వారం మనం చిన్నకోడలిని చొక్కాల ఫ్యాక్టరీ నడవాలో, గోడకు తగిలించిన రెండు చొక్కాల ముందు నిలబెట్టి వచ్చేశాం. ఎడమవైపు చొక్కా కింద ‘అన్నింటిలోకీ మంచిది’ అని రాసి ఆమె మెషిను నంబరు వేశారు. కుడివైపు చొక్కా కింద ‘ఇలా కుట్టకూడదు’ అని రాసి ఆమె తోడికోడలి నంబరు వేశారు. మొదటిది కుట్టిన మనిషికి, కొత్త నమూనాలు కుట్టే శాంపిల్ గదిలో ఉద్యోగం. రెండోది కుట్టిన మనిషికి నెలాఖరుతో ఇంటిదారి.

ఈ వారమే కథలో అడుగుపెట్టినవాళ్ళ కోసం ఇంకో ముక్క చెప్పాలి. ఆ ఇంటి కోడళ్ళిద్దరూ ఒకే లైనులో, పక్కపక్క మెషిన్ల మీద పని చేస్తారు. ఇంట్లో పిలుపులే ఫ్యాక్టరీలోనూ పేర్లయి కూర్చున్నాయి. పెద్దకోడలు కాలర్లు కుడుతుంది, చిన్నకోడలు జేబులు కుడుతుంది. ఏళ్ళ తరబడి అంతే. చేతులు ఒకరు, కఫ్‌లు ఒకరు, గుండీపట్టీలు ఇంకొకరు. నిండు చొక్కా ఒక్క మనిషి చేతి మీద తయారవడం ఆ లైనులో ఎవరూ చూడలేదు. కొత్తగా వచ్చిన మేనేజరమ్మకి ఈ పద్ధతి నచ్చలేదు. అన్నీ వచ్చినవాళ్ళే ముందుముందు నిలబడతారని, ఒక్కొక్కరూ ఒక చొక్కా మొత్తం కుట్టి చూపించమంది. మొహం చూసి మార్కులు వేశారన్న మాట పడకూడదని పేర్లు వద్దంది. చొక్కా లోపలి అంచు మీద సుద్దతో మెషిను నంబరు మాత్రం వేయించింది. ఇంతకంటే న్యాయం ఎక్కడుంటుందని లైనంతా తలలూపింది.

చిక్కల్లా ఒక్కటే. ఆ మంచి చొక్కాని చిన్నకోడలు కుట్టలేదు.

ఆమె కుట్టింది కుడివైపున వేలాడుతోంది. ఆ ఎడమ చెయ్యి మెలిక తిరిగి ఎలా చచ్చిందో ఆమెకు కుట్టుకుట్టూ తెలుసు. చంక దగ్గర గుడ్డ మడతపడి కుట్టులో ఇరుక్కుంది. విప్పి మళ్ళీ కుట్టే వ్యవధి లేక, కళ్ళు మూసుకుని అలాగే లాగించేసింది. కఫ్‌లు రెండూ ఒకే వైపుకి చూస్తున్నాయి. ఒక్క జేబు మాత్రం ఎక్కడా వంక పెట్టడానికి లేకుండా నిలబడింది. ఉండదా మరి, జీవితంలో సగం ఆ జేబులకే ధారపోసింది. అంత దరిద్రపు చొక్కా మీద అంత చక్కటి జేబు చూస్తే ఎవరికైనా నవ్వొస్తుంది. ఆమెకు మాత్రం రాలేదు.

పక్కనే నిలబడిన పెద్దకోడలు, ‘ఆ రెండోది నాది కాదండీ’ అని లైన్ సూపర్వైజరుతో అంది. ఆయన విసుక్కుంటూ, ఆడలేక మద్దెల ఓడన్నట్టు ఓడినవాళ్ళందరూ అదే అంటారమ్మా అన్నాడు. చుట్టూ నలుగురూ నవ్వారు. చిన్నకోడలు ఆ క్షణంలో నోరు విప్పాల్సింది. తేలు కుట్టిన దొంగలా నిలబడిపోయింది. తనకే అర్థం కాని సంగతిని ఇంకొకరికి ఏమని చెబుతుంది?

తెల్లారి ఇంట్లో మొహాలు ఎలా ఉన్నాయో చెప్పక్కర్లేదు. అత్తగారు ఏ కోడలి వైపు తిరిగి ఏ మొహం పెట్టాలో తెలియక, గోడవైపు తిరిగి కాఫీ తాగింది. బావగారు నడుం పట్టేసి మంచమెక్కాక ఆ పక్క సంసారం పెద్దకోడలి జీతం మీదే నడుస్తోంది. ఈ సంగతి ఎవరూ అనలేదు. అనకపోవడం వల్ల అది వంటింట్లో అందరి కాళ్ళకీ అడ్డం పడుతూనే ఉంది.

పెద్దకోడలు గిన్నెలు తోముతూ, తలెత్తకుండా ఒకే ఒక్క మాట అంది.

“జేబు మాత్రం బాగుంది.”

చిన్నకోడలి చేతిలో గరిటె ఆగిపోయింది. ఏ చొక్కా జేబు? మొదటి దానిదయితే మెచ్చుకున్నట్టు. రెండో దానిదయితే మెడ పట్టుకున్నట్టు. అడుగుదామంటే నాలుక మెలిక పడింది. అత్త కొట్టినందుకు కాదు తోడికోడలు నవ్వినందుకు అని మనవాళ్ళు ఊరికే అనలేదు. ఇక్కడ ఆవిడ నవ్వను కూడా లేదు. నవ్వి ఉంటే కనీసం పోట్లాడడానికి ఒక వంక దొరికేది.

ఆ రోజు బెల్లు కొట్టకముందే చిన్నకోడలు ఇస్త్రీ గదికి పోయింది.

ఫ్యాక్టరీ మొత్తానికీ ఒకే ఇస్త్రీ గది, అందులో ఒకే మనిషి. ఇస్త్రీ మాస్టారంటారు. పైన గొట్టంలోంచి ఆవిరి బుస్సుమంటుంటే, చొక్కా వెనక చొక్కా బల్ల మీద పరిచి నున్నగా చేసి అవతలకి నెట్టడం ఆయన పని. రోజంతా నిలబడి నిలబడి కాళ్ళు వాచిపోయి ఉంటాయి. ఆమెను చూడగానే మొహం విప్పారింది.

“రా తల్లీ. శాంపిల్ గదికి పోయే మనిషివి, ఇంకా ఈ ఆవిరి కొంపలో నీకేం పని?”

“మాస్టారూ, ఒక మాట అడుగుతాను. దాచకుండా చెప్పాలి. ఆ మంచి చొక్కా మీద నా నంబరు ఎలా వచ్చింది?”

మాస్టారు బల్ల మీదున్న చొక్కా వైపు చూశాడు. ఇస్త్రీ అయిపోయిన కాలరునే మళ్ళీ ఇస్త్రీ చేయడం మొదలుపెట్టాడు.

“నంబర్లు వేసింది నేనా? వేసినవాళ్ళని అడగాలి గానీ.”

“వేసినవాళ్ళు నా చొక్కా మీదే వేశారు. నా కళ్ళతో చూశాను. మీ దగ్గరికి వచ్చేదాకా సరిగ్గానే ఉంది. మీ దగ్గర్నుంచి వెళ్ళాకే మారింది.”

“నీకు మంచే జరిగింది కదమ్మా. ఎందుకు తవ్వుకుంటావు?”

“మా అక్క ఉద్యోగం పోతోంది మాస్టారూ.”

ఆయన ఇస్త్రీపెట్టె పక్కన పెట్టి, తలుపు దాకా వెళ్ళి బయటికి తొంగిచూసి వచ్చాడు. “నా పేరు బయటికి రాకూడదు.”

“రానివ్వను.”

“ఒట్టు వెయ్యి.”

“మా అత్తగారి మీద ఒట్టు.”

“అత్తగారి మీదయితే ఏ కోడలైనా వేస్తుంది. నీ మీద వేసుకో.”

ఆమె తన నెత్తి మీద చెయ్యి పెట్టుకుని ఒట్టు వేసింది. అప్పుడు మాస్టారు ఒక గుడ్డపీలిక తీసి, లైనులో వాడే సుద్దముక్కతో దాని మీద గీత గీశాడు. ఆవిరి పెట్టెను దాని మీదుగా ఒకసారి పోనిచ్చాడు. గీత లేదు. గీత ఉన్నట్టు ఆనవాలు కూడా లేదు.

చిన్నకోడలు నోరు వెళ్ళబెట్టలేదు. వెళ్ళబెట్టడానికి అందులో కొత్త ఏముంది? ఆ సుద్ద గొప్పతనమే అది. కుట్టేటప్పుడు గుర్తు కనబడాలి, చొక్కా దుకాణానికి పోయేటప్పుడు మాయమవ్వాలి. లైనులో అందరికీ తెలుసు. తెలిసిన అందరూ ఆ రోజు ఆ సుద్దతోనే నంబర్లు వేయించుకుని, న్యాయం అంటే ఇదీ అని మురిసిపోయి, చొక్కాలన్నీ తీసుకెళ్ళి ఇస్త్రీకి ఇచ్చారు. ఒక్కరికి తట్టలేదు. తనకీ తట్టలేదు. తప్పు ఎవరిదని అడిగితే తలా పిడికెడు పంచుకోవాల్సిందే.

“అన్నింటినీ ఒకే తీరుగా ఇస్త్రీ చెయ్యి, అప్పుడే న్యాయంగా ఉంటుంది అంది మేనేజరమ్మ,” అన్నాడు మాస్టారు. “చేశాను. చేసి చూద్దును కదా, ఒక్కదాని మీదా నంబరు లేదు. నా పై ప్రాణాలు పైనే పోయాయి. చెబితే ఊరుకుంటారా? ఈ వయసులో నాకింకెవరు పని ఇస్తారు? అందుకని తోచినట్టు మళ్ళీ వేసేశాను.”

“తోచినట్టంటే?”

“అన్నింట్లోకీ మంచిది తీసి నీ నంబరు వేశాను.”

“ఎందుకు?”

“ఈ ఫ్యాక్టరీలో పొద్దున్నే తలుపు తోసుకుని వచ్చి, మాస్టారూ కాళ్ళు ఎలా ఉన్నాయని అడిగేది నువ్వొక్కదానివే. అంత మంచిపిల్ల చేతిలో చొక్కా కూడా మంచిగానే వచ్చి ఉంటుందనుకున్నాను.” ఆయన గొంతు తగ్గించాడు. “మిగతావి వరసగా వేసుకుంటూ పోయాను. ఆఖరికి ఆ వంకర చొక్కా మిగిలింది, మీ అక్క నంబరు మిగిలింది. ఆవిడ మీద నాకేం కోపం లేదమ్మా. ఆవిడసలు నాతో ఎప్పుడూ మాట్లాడదు.”

చిన్నకోడలికి ఏడవాలో నవ్వాలో తెలియలేదు. ఒకరి కాళ్ళ నొప్పి అడిగిన పుణ్యం తనకి ఉద్యోగం అయింది, అడగని పాపం అక్కకి శాపం అయింది. కాళ్ళ సంగతి అడిగినప్పుడు ఇంత దూరం వస్తుందని ఎవరు కలగన్నారు? చెబితే తన ఉద్యోగం పోతుంది. చెప్పకపోతే అక్క ఉద్యోగం పోతుంది. ఏది పోయినా పోయేది ఆ ఇంటి పొయ్యిలోంచే. పోనీ ఇంట్లో ఎవరో ఒకరి జీతం మిగులుతుంది కదా, ఎవరిదైతేనేం అని ఒక ఆలోచన వచ్చింది. అలా అనుకున్నందుకు వెంటనే తన మీద తనకే అసహ్యం వేసింది. ముందు నుయ్యి, వెనక గొయ్యి. మధ్యలో నిలబడి బెల్లు కోసం ఎదురుచూడ్డం తప్ప ఏమీ తోచలేదు.

బెల్లు కొట్టాక మాత్రం ఆమె తన మెషిను దగ్గర కూర్చోలేదు. పెద్దకోడలి మెషిను పక్కన నిలబడింది. ఆవిడ కాలరు కుడుతూనే ఉంది.

“అక్కా, లే. మేనేజరమ్మ దగ్గరికి పోదాం. ఆ రెండో చొక్కా నాది.”

“తెలుసు.”

“తెలుసా?”

“నీ జేబు నేను గుర్తుపట్టనా? పక్కన కూర్చుని ఎన్నాళ్ళు చూశాను.” మెషిను ఆగలేదు. “నిన్న నడవాలో చెబుతావనుకున్నాను. రాత్రి అన్నాల దగ్గర చెబుతావనుకున్నాను. పొద్దున నేనే అందించాను, అయినా గరిటె పట్టుకుని బొమ్మలా నిలబడ్డావు.”

చిన్నకోడలికి సిగ్గుతో చెవులు కాలిపోయాయి. “నాకు ఏం అర్థం కాలేదక్కా. నీ మీద ఒట్టు. ఇప్పటికీ సగమే అర్థమైంది. పోనీలే, ఆ మొదటిది నీదేగా? పోయి చెప్పేద్దాం. శాంపిల్ గది నీది.”

“మొదటిది నాదని నేనన్నానా?”

“మరి?”

పెద్దకోడలు దారం తుంచి, కాలరు బుట్టలో పడేసి లేచింది. “నా చొక్కా ఎక్కడుందో నాకే తెలియదు. గోడ మీద రెండే పెట్టారు. రెండూ నావి కావు. పద, అడుగుదాం.”

మేనేజరమ్మది అద్దాల గది. ఆవిడ చెడ్డమనిషేమీ కాదు. లైనులో ఆడవాళ్ళని మీరు అని పిలిచిన మొదటి ఆఫీసరు ఆవిడే. కుర్చీలు చూపించి కూర్చోమంది. కూర్చోవాలో వద్దో తెలియక ఇద్దరూ కుర్చీల వెనక నిలబడ్డారు. ఆవిడ వెనక గోడకు కొక్కెం, కొక్కేనికి నమూనా చొక్కా. పై ఆఫీసు నుంచి వచ్చింది. అందరూ కుట్టినవి దాని పక్కన పెట్టే మార్కులు వేశారు.

మంచి చొక్కా తనది కాదని, వంకరదే తనదని చిన్నకోడలు గుక్క తిప్పుకోకుండా చెప్పేసింది. మేనేజరమ్మ నడవాలోంచి రెండు చొక్కాలూ తెప్పించి బల్ల మీద పరిచింది. రెండో దాని జేబు మీద వేలు పెట్టి చూసింది.

“వచ్చిన ఉద్యోగం నాది కాదని చెప్పడానికి ఎవరూ రారు,” అంది. “మీరు చెప్పింది నమ్ముతున్నాను. నంబర్లు ఎలా మారాయి?”

“సుద్ద చెరిగిపోయింది మేడమ్. ఆవిరి తగిలితే అది నిలవదు.”

“మీకెవరు చెప్పారు?”

“ఎవరూ చెప్పలేదు. ఆ సంగతి మాకందరికీ తెలుసు.”

“తెలిసి ఆ రోజు ఒక్కరూ అనలేదేం?”

జవాబు కోసం ఆగకుండా మేనేజరమ్మ పెద్దకోడలి వైపు తిరిగింది. “అయితే మంచిది మీదన్నమాట.”

“కాదండీ.”

“మరి మీదేది?”

పెద్దకోడలు గదిలోకి వచ్చినప్పటినుంచీ బల్ల వైపు చూడనే లేదు. ఇప్పుడు చెయ్యెత్తి చూపించింది.

“నాది మీ వెనకాల తగిలించి ఉంది.”

మేనేజరమ్మ వెనక్కి తిరిగి చూసి, మళ్ళీ ముందుకి తిరిగింది. “అది పై ఆఫీసు నమూనా అమ్మా.”

“కాలరు మొన చూడండి. మొన దగ్గర మెషిను తిప్పేటప్పుడు నేను ఒక్క కుట్టు అడ్డంగా వేస్తాను. అప్పుడే మొన నలగకుండా తిరుగుతుంది. మా అమ్మ నేర్పింది, లైనులో ఎవరూ అలా వెయ్యరు. కావాలంటే నా బుట్టలోంచి ఏ కాలరైనా తెప్పించుకోండి.”

చెప్పకముందే చిన్నకోడలు పరిగెత్తి ఒక కాలరు పట్టుకొచ్చింది. మేనేజరమ్మ కొక్కెం మీది చొక్కా దింపి, కాలరు వెనక్కి మడిచి, రెండు మొనలూ పక్కపక్కన పెట్టుకుని చూసింది. తర్వాత బల్ల మీది ‘అన్నింటిలోకీ మంచిది’ తీసి దాని మొన చూసింది. అందులో అడ్డం కుట్టు లేదు.

చిన్నకోడలి బుర్రలో ముడి మెల్లగా వీడుతోంది. ఒకే తీరుగా ఉండాలని ఆ రోజు నమూనాను కూడా ఇస్త్రీకి ఇచ్చారు. ఆవిరిలో అన్నీ కలిసిపోయాయి. ఒకటి ఎక్కువా కాలేదు, తక్కువా కాలేదు, ఎవరికీ అనుమానం రాలేదు. నమూనా అనుకుని అక్క చొక్కాని కొక్కేనికి తగిలించారు, అసలు నమూనాకి తన నంబరు పడింది. అంటే లైనులో అందరికీ అక్క చొక్కా పక్కన పెట్టే మార్కులు వేశారు. ఇలా కుట్టాలమ్మా అని అక్క చొక్కానే చూపించి, నీకు కుట్టడం రాదని అక్కనే పొమ్మన్నారు. ముడి వీడిందని సంతోషించేలోపే, వీడిన దారం పట్టుకుని ఇప్పుడెక్కడికి పోవాలో తెలియలేదు.

“ఫలితాలు ఫోటోలతో సహా పైకి పంపేశాను,” అంది మేనేజరమ్మ, ఎవరితోనో కాకుండా తనతో తను అన్నట్టు. తర్వాత సర్దుకుని కూర్చుంది. “సరే. మీ ఇద్దరి విషయం నేను సరిచేస్తాను. శాంపిల్ గదికి పెద్దావిడ వెళ్తారు. చిన్నావిడ, మీరు మీ జేబుల దగ్గరే ఉండండి. నిజం చెప్పిన మనిషిని నేను పంపను. ఇద్దరూ ఉంటారు.”

చిన్నకోడలు అక్క వైపు చూసింది. పెద్దకోడలి మొహంలోకి మాత్రం సంతోషం రాలేదు.

“మరి పోయేదెవరండీ?” అంది ఆవిడ.

“ఒకళ్ళు తగ్గుతారని పైకి రాశాను. ఆ మాట వెనక్కి తీసుకోలేను. పోటీ తప్పు కాదు, పోటీని పాడుచేసిన మనిషిది తప్పు.” మేనేజరమ్మ చిన్నకోడలి కళ్ళలోకి చూసింది. “సుద్ద పోయాక నంబర్లు వాటంతట అవి రావు కదా. మళ్ళీ ఎవరు వేశారు?”

చిన్నకోడలికి ఒట్టు గుర్తుకొచ్చింది. “నాకు తెలియదు మేడమ్.”

తెలియదని చెప్పాక గానీ ఆమెకు తట్టలేదు. ఫ్యాక్టరీకి ఇస్త్రీ గది ఒక్కటే. గదిలో మనిషి ఒక్కడే. పేరు దాస్తానని మాటిచ్చినప్పుడు, దాయడానికి అక్కడ పది పేర్లు ఉన్నట్టే ఇచ్చింది. సుద్ద చెరిగింది ఆవిరి వల్ల అని తన నోటితో తనే చెప్పింది. ఇంకా పేరు వేరే చెప్పాలా?

మేనేజరమ్మ అప్పటికే ఫోను ఎత్తి, ఇస్త్రీ మాస్టారుని ఒకసారి పంపించండి అని పెట్టేసింది.

ఆయన చేతులు తుడుచుకుంటూ, కాళ్ళు ఈడ్చుకుంటూ వచ్చాడు. తలుపు దగ్గర ఆగి బల్ల మీది చొక్కాలు చూశాడు, మేనేజరమ్మ చేతిలో కాలరు చూశాడు. ఆవిడకు నమస్కారం పెట్టడం మర్చిపోయి, చిన్నకోడలి వైపు తిరిగాడు.

“చెప్పేశావా తల్లీ?”

లేదు మాస్టారూ, నేను మీ పేరు ఎత్తలేదు అని చెప్పడానికి చిన్నకోడలు నోరు తెరిచింది. ఆ మాట బయటికి వచ్చేలోపే మేనేజరమ్మ, ఎంతో మర్యాదగా, ఖాళీ కుర్చీ ఆయన వైపు జరిపింది.

“చిన్నావిడ అంతా చెప్పారు మాస్టారూ. మీరు కూర్చోండి.”